అసర్ వేళ నవ్వు

నానమ్మకు గోడగడియారం మీద నమ్మకం లేదు. రోజూ మేడెక్కి చేతికర్ర నిటారుగా నిలబెడుతుంది. మిట్టమధ్యాహ్నపు నీడ పోను, మిగిలింది కర్రకు రెండింతలైతేనే ఆవిడకు పొద్దువాలే అసర్ నమాజు వేళయినట్టు. ఆవేళ, రెండేళ్లు నిండినా అడుగెయ్యని మనవరాలిని కూడా చంకనేసుకుని వెళ్లి, పక్కన కూర్చోబెట్టింది. కర్ర ఊగింది, నీడ కదిలింది. పిల్ల కేరింతలు కొడుతూ లేచి, నీడ వెంట తప్పటడుగులు వేసింది.

“ఒసే కోడలా! నడుస్తోందే, నీ కూతురు నడుస్తోంది!”

కోడలు సబ్బుచేతులతోనే పరుగెత్తుకొచ్చి పిల్లను ముద్దులతో ముంచెత్తింది. నానమ్మ చేతులూ ముఖమూ కాళ్లూ కడిగి వజూ చేసుకుని, తడి ఆరకుండానే నమాజుకు నిలబడింది. పెదవి కొరికిపట్టినా లోపల్నుంచి నవ్వు పొంగుకొచ్చి పకపకా బయటపడింది. నమాజులో అలా పైకి నవ్వితే రెండూ చెల్లవు: నమాజూ పోయింది, వజూ పోయింది.

“మళ్లీ నీళ్లు పెట్టనా అత్తా?”

“పెడుదువుగానిలే. పొద్దుగుంకేదాకా బోలెడు టైముంది, ముందు నన్ను తనివితీరా నవ్వనీ!”