బాపు ముడేసిన తీగ

నా చెవులు పోతున్నాయని నాకంటే ముందు నా భార్య కనిపెట్టింది. మూడు కూతలు రాగానే కుక్కర్ దించమని నాకు చెప్పి పక్కింటికి పోయింది. వచ్చేసరికి పప్పు అడుగంటి కంపు కొడుతోంది. నేను పొయ్యికి నాలుగు అడుగుల దూరంలో పేపర్‌లో తల దూర్చి ఉన్నాను.

"కూతలు ఇనవడలేదా?" అంది.

"కుయ్యలేదు."

"గోడ అవతల ఉన్న నాకు తొమ్మిది ఇనవడ్డయి. నీ ముంగట పెట్టిన కుక్కర్ నీకు కుయ్యలేదా?"

నాకు తిక్క రేగింది. కుక్కరే చెడిపోయిందని వాదించి, మరునాడు నల్లగొండ పోయి దానికి కొత్త రబ్బరు, కొత్త విజిల్ వేయించాను. అప్పుడూ నాకు వినబడలేదు. ఆమె ఇంకేం అనలేదు. అలా అనకపోవడమే నన్ను దవాఖానకు తోలింది.

అక్కడ అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు డొప్పలు తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. చప్పుడు వినబడితే నొక్కాలి. నేను పదో తరగతి చూచిరాతతో గట్టెక్కినవాణ్ణి. అద్దం అవతల పరీక్ష చేసే అమ్మాయి భుజం ఎప్పుడు కదిలితే అప్పుడు నొక్కుతూ పోయాను. అయిపోయాక ఆ పిల్ల బయటికి వచ్చి, "అన్నా, నేను దగ్గినప్పుడు గూడ నొక్కినవ్," అంది. వెనక్కి తిప్పి కూర్చోబెట్టి మళ్లీ పెట్టింది. ఈసారి ఎంతో సేపు బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఎన్నిసార్లు నొక్కానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

డాక్టర్ కాగితం మీద గీత చూపించాడు. గీత గుట్ట దిగినట్టు కిందికి పోయింది. "చెవి నరం దెబ్బతిన్నది. కుడిది పోయినట్టే. ఎడమది కొంత ఉన్నది, అదీ తగ్గుకుంట పోతది. సన్నని చప్పుళ్లు ముందుగాల పోతయి, లావు చప్పుళ్లు చివరికి. మందు లేదు, మిషన్ పెట్టుకోవాలె," అన్నాడు. ఎన్నాళ్లు ఉంటుందని అడిగాను. చెప్పలేమన్నాడు. "షెడ్డుల చేసినవా?" అని అడిగాడు. తలూపాను.

ఆ షెడ్డు సంగతి చెప్పాలి. మాది మగ్గం ఇల్లు. బాపు డెబ్బై దాటినా ఇప్పటికీ మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేస్తాడు. తెలంగాణ వచ్చిన ఏడాదే నేను పవర్‌లూమ్ షెడ్డులో చేరాను. ఆ రోజు బాపు అన్నం ముట్టలేదు. "మగ్గం మనిషితోని మాట్లాడ్తది. గా పవర్‌లూమ్ మొరుగుతది. మొరిగేదాని దగ్గర పన్నెండు గంటలు ఎట్లుంటవ్ కొడుకా?" అన్నాడు. చేతిమగ్గంలో ఏం మిగిలింది, నీ కాలం అయిపోయింది అని ఎదురు మాట్లాడాను. షెడ్డు రొదలో ఎవరితో ఏం చెప్పాలన్నా సైగలే. చెవుల్లో దూది పెట్టుకునేవాణ్ణి ఎగతాళి చేసేవాళ్లం. ఎనిమిదేళ్లు చేసి, ఒళ్లు చాలక మానేసి, నల్లగొండలో బట్టల దుకాణంలో బిల్లులు రాయడానికి కుదిరాను. చెవులు మాత్రం షెడ్డులోనే ఉండిపోయాయి.

డాక్టర్ మాట విన్నప్పటి నుంచి నాకు ఒకటే యావ. మిషన్ కాదు. మిషన్ పెట్టుకుంటే ఊరంతా చెవిటోడంటారు. అది తర్వాత సంగతి. పూర్తిగా పోయేలోగా ఒక్కసారి, ఒక్కసారైనా, పాట అంటే ఏందో సరిగ్గా వినాలి. నేను విన్నవన్నీ బస్సుల్లో, టీ హోటళ్లలో, షెడ్డు రొదలో విన్న పాటలు. రేపు వినలేని వాడికి అవి చాలుతాయా? చావు ముందు మంచి అన్నం పెట్టమని అడుగుతారే, అట్లాంటిదే నా కోరిక.

నార్కట్‌పల్లి చౌరస్తా దగ్గర, టైర్ల దుకాణాల వెనక, ఒకప్పుడు పెళ్లిళ్లకు మైకుసెట్లు కిరాయికిచ్చిన పెద్దమనిషి ఉన్నాడు. ఇప్పుడు పాత రేడియోలు బాగు చేస్తాడు. అందరూ కాకా అంటారు. దుకాణంలో ఎవరో చెబితే పోయాను. నా కథ చెప్పుకోలేదు. మంచి హెడ్‌ఫోన్లు కావాలన్నాను అంతే.

"కొత్తవి ఫోన్ల దుకాణంల దొరుకుతయి తమ్మీ," అన్నాడు.

"పాటలో ఏముందో మొత్తం వినబడాలె కాకా."

ఆయన నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, మంచం కింది రేకు పెట్టె లాగాడు. పాత దుప్పటి మడతలోంచి తీశాడు. నలభై ఏళ్ల కిందటివి, జపాన్‌వి. పట్నంలో మూతపడ్డ రికార్డింగ్ గదిలోంచి తెచ్చాడట. కొబ్బరి చిప్పలంత రెండు డొప్పలు, వాటిని కలిపే ఇనుప కమ్మీ, మెలికలు తిరిగిన తీగ, చివర బొటనవేలంత పిన్ను. చేతిలో పెడితే బియ్యం సంచి పట్టుకున్నట్టు చెయ్యి కిందికి పోయింది. డొప్పల మీది రెక్సిన్ పొరలు పొరలుగా లేచి నల్లటి పొట్టు నా చొక్కా మీద రాలింది. "వీటికి ఫోన్ జోరు సాలదు," అని చిన్న యాంప్లిఫైయర్ ఒకటి జత చేశాడు.

తలకు తొడిగాడు. హైవే మీద లారీలు ఆగిపోయినట్టయింది. పాట పెట్టాడు. నేను వెయ్యిసార్లు విన్న పాత సినిమా పాటే. పాడే ఆయన నోరు తెరవకముందు ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి నా ఎడమ చెవిలో వినబడింది! వెనక మృదంగం మీద అరచెయ్యి రాసుకున్న చప్పుడు కూడా. అన్నేళ్లుగా ఆ పాటలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడని నాకు తెలియదు. కాకా ముందే ఏడ్చాను. ఆయన టీ చెప్పాడు.

ఇంటికి తెస్తే నా భార్య డొప్పలు చూసి నెత్తి కొట్టుకుంది. "డాక్టర్ మిషన్ కొనుమంటే గీ బండలు కొన్నవా? చెవిటోని ముంగట శంఖం ఊదినట్టున్నది నీ యవ్వారం."

అలా తిడుతూనే పొట్టు రాలుతున్న రెక్సిన్ పీకేసి, బాపు నేసిన మెత్తటి నూలు గుడ్డతో కొత్త తొడుగులు కుట్టింది. ఒకటి కొంచెం వంకరగా వచ్చింది. "వంకరది కుడి దిక్కు పెట్టుకో, అది ఎట్లయినా పని చేస్తలేదు గదా," అంది. ఇద్దరం నవ్వాం. ఆ పరీక్ష కాగితం ఇంటికి వచ్చాక మేము నవ్వడం అదే మొదలు.

ఆ రెండు నెలలు నా బతుకులో మంచి రోజులు. దుకాణం నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, బాపు మగ్గం ఉన్న గదిలోనే గోడకు ఆనుకుని కూర్చుని, తలకు ఎక్కించుకునేవాణ్ణి. ఒక్కో పాటనూ పదిసార్లు. ప్రతి రోజూ మొదట ఆ ఊపిరి ఉన్న పాటే పెట్టేవాణ్ణి. ఊపిరి వినబడితే సరే, ఇవాళ కూడా చెవి ఉంది. అదే నా డాక్టర్, అదే నా గీత. ఒకటి రెండుసార్లు సన్నగా అనిపించింది. వాల్యూమ్ ఇంకొంచెం తిప్పి, లేదు లేదు, అట్లే ఉంది అని నాకు నేనే చెప్పుకున్నాను. సంతోషమంటే ఇంత భయంగా ఉంటుందా అనిపించేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నా భార్య వాళ్ల తల్లిగారింటికి దేవరకొండ పోయింది. అన్నం తిని కూర్చున్నాను. తలకు పెట్టుకున్నాను. పాట పెట్టాను.

ఊపిరి లేదు. పాటా లేదు. కుడి చెవిలో ఎప్పటిలా ఎక్కడో దూరంగా గొణుగుడు. ఎడమ దిక్కు ఏమీ లేదు.

వాల్యూమ్ పెంచాను. ఇంకా పెంచాను. మొత్తం తిప్పాను. ఏమీ లేదు. ఇదేనా ఆ రోజు? ఇట్లా, చెప్పకుండా, అన్నం తిన్నాక, ఆదివారం పూట? డొప్పలు తీసి చూస్తే తెలిసిపోతుంది. చెయ్యి పైకి పోయింది గాని తీయడానికి ధైర్యం చాలలేదు. తీశాక కూడా ఏమీ వినబడకపోతే? తీయనంతసేపు నాకు ఇంకా చెవి ఉన్నట్టే. ఆ డొప్పలను రెండు చేతులతో తలకు అదిమి పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. నా భార్య గొంతు గుర్తు తెచ్చుకోవాలని చూశాను. పొద్దున ఆమె బస్సెక్కుతూ ఏం చెప్పింది? గొంతు రాలేదు, పెదవులు కదలడమే కనబడింది. దేవుడా, కుడిదన్నా ఉంచకపోతివి అని పైకే అన్నాను.

ఎవరో నా చేతులు విడిపించి డొప్పలు లాగారు.

"ఏమైంది కొడుకా? గట్ల వణుకుతున్నవేంది?" అన్నాడు బాపు.

వినబడింది. ఎడమ చెవిలో, శుభ్రంగా, బాపు గొంతు. కింద పడ్డ డొప్పల్లోంచి కుడి దిక్కు పాట మోగుతోంది. చెవి పోలేదు, డొప్ప పోయింది. బాపు నడుము పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆ ఏడుపు సగంలో ఉండగానే అరికాలి మంట నెత్తికెక్కింది.

"దీన్ని ఎవరు ముట్టుకున్నరు?"

"నేనే," అన్నాడు బాపు. దాచుకోవలసిన తప్పని ఆయనకు తెలియదు. "కమ్మీ దగ్గర కిర్రుమంటాందని మగ్గం కప్పీలకు పెట్టే మిషన్ నూనె రెండు సుక్కలు పెట్టిన. పెడ్తుంటె చిప్ప ఊడి, లోపల పోగు తెగింది. ఫికర్ చెయ్యకు, మంచిగ అతికిన."

చూపించాడు కూడా. వెంట్రుకంత సన్నని రాగి తీగ. పడుగులో పోగు తెగితే ఎట్లా అతుకుతారో అట్లాగే, తెగిన కొసలు రెండూ కలిపి, నూలి ముడి వేశాడు. ముడి ఎక్కడుందో కంటికి ఆనదు, వేలికి తగలదు. డెబ్బై దాటిన చేతులు, అద్దాలు కూడా పెట్టుకోలేదు. తీగ మీది పూత గీకకపోతే కరెంటు పోదని ఆయనకు ఎవరు చెబుతారు?

"అది పోగు కాదు బాపూ! కిర్రుమన్న ప్రతిదానికీ నూనె, తెగిన ప్రతిదానికీ ముడి! నీకు ఇంకేం తెలవదు. నా చెవి పోయిందనుకున్న! నా పానం పోయింది తెలుసా నీకు?" అని అరిచాను. షెడ్డులో కూడా అంత గట్టిగా అరవలేదు.

బాపు ముఖం చిన్నబోయింది. మగ్గం పట్టె మీద కూలబడ్డాడు. తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు.

"నీకోసమే పెట్టిన బిడ్డా. నువ్వు నెత్తికి పెట్టినప్పుడల్ల కిర్రు, తీసినప్పుడల్ల కిర్రు. గుంటల కూసున్న నాకే పండ్లు పులిసినట్టయితుండె. సెవు పక్కనే పెట్టుకుని ఇన్ని దినాలు ఎట్ల ఓర్సుకున్నవో అనుకున్న."

"ఏ కిర్రు?" అన్నాను.

బాపు తలెత్తి నన్ను చూశాడు. నేనూ ఆయన్ను చూశాను. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. రెండు నెలలు రోజూ నా చెవికి జానెడు దూరంలో కిర్రుమన్నది నేను ఒక్కసారి కూడా వినలేదు. చెవి అట్లే ఉందని ఏ పాట పెట్టి తేల్చుకుంటున్నానో, ఆ పాట పెట్టకముందే, డొప్పలు తలకెక్కించేటప్పుడే జవాబు వస్తూ ఉంది.

మరునాడు నార్కట్‌పల్లి తీసుకుపోయాను. కాకా డొప్ప విప్పి, భూతద్దం పెట్టి ఆ ముడిని చాలాసేపు చూశాడు. "గీ ముడి ఎవలేసిండ్రు తమ్మీ? కోసెయ్యాల్నంటె మనసొప్పుతలేదు," అన్నాడు. తీగ పూత గీకి, టంకం పెట్టాడు. నూనె తుడిచాడు. కమ్మీ విప్పి మూసి చూసి, "నూనె తుడిసినంక మల్ల కిర్రుమంటాంది. పాత ఇనుము గద, ఏం గాదు," అన్నాడు. నేను తీసుకుని ఎడమ చెవి పక్కన పెట్టుకుని విప్పాను, మూశాను, విప్పాను.

"అవును కాకా, కిర్రుమంటోంది," అన్నాను.

ఆ వారమే దవాఖానకు పోయి మిషన్‌కు కొలతలు ఇచ్చి వచ్చాను. ఊరు ఏమనుకుంటే అనుకోనీ.

హెడ్‌ఫోన్లు ఇంకా ఉన్నాయి. సాయంత్రం గోడకు ఆనుకుని కూర్చుని, ఉన్నంత వరకు వింటాను. కిర్రుకు నూనె పెట్టమని నేనే బాపును ఒకసారి అడిగాను.

"వద్దు బిడ్డా, ఉండనీ," అన్నాడు. "మిషన్ వచ్చినంక, ఒక్కనాడన్న నీకు ఇనవడ్తదేమో."

మిషన్ వచ్చింది. మాటలు వినబడుతున్నాయి, కుక్కర్ కూడా కూస్తోంది. కిర్రు మాత్రం వినబడలేదు. రోజూ డొప్పలు రెండు చేతులా పట్టుకుని, కమ్మీ విప్పుతూ, ఎదురుగా గుంటలో నేస్తున్న బాపును చూస్తాను. ఆయన చెయ్యి పోగు విసిరే నాడె మీద ఒక్క క్షణం ఆగుతుంది. అప్పుడు కిర్రుమన్నదని తెలుస్తుంది.