కిరసనాయిలు తగిలిన సీటు

విశ్వకర్మ పూజకి, ఉక్కు ఫ్యాక్టరీ పక్కనున్న మా బర్మామైన్స్ బస్తీ సందులో ప్రతి బండినీ కడిగి దండ వేసేవాళ్లు. నా పాత అంబాసిడర్‌లో తెల్ల రెక్సిన్ సీట్లు ఉండేవి. ఫ్యాక్టరీ మసి రోజూ వాటి మీద పేరుకునేది. గోరువెచ్చటి సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ తప్ప మరొకటి వాటికి తగలనిచ్చేవాణ్ణి కాదు.

ఆ ఉదయం నేను దండ కొనుక్కొచ్చేసరికి, ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసే నా బావమరిది కారులో కూర్చుని వెనక సీటును కిరసనాయిలుతో రుద్దుతున్నాడు. రుద్దినంత మేరా మెరుపు చచ్చిపోయింది.

"మిషన్లన్నీ దీంతోనే తుడుత్తాం బావా. మసి ఇట్టే పోతాది" అన్నాడు నవ్వుతూ.

జుట్టు పట్టుకుని అతని మొహాన్ని డోరుకేసి కొట్టాను. దండం పెడుతున్నా వినకుండా మళ్లీ కొట్టాను. మూడో దెబ్బకి పన్ను ఊడి, నోట్లోంచి రక్తం సీటు మీద పడింది. నా చెయ్యి ఆగింది అప్పుడే. గబగబా గుడ్డ తడిపి సీటు తుడిచాను. మరక మిగల్లేదు.

తలెత్తితే నా భార్య ఎదురుగా ఉంది. ఆ గుడ్డ నా చేతిలోంచి లాక్కుని తమ్ముడి నోటికి అదిమింది.

"ముందు సీటు తుడిసినావు" అంది.