చూడని మనిషికి ఇచ్చిన దగ్గు మందు

1984 జనవరిలో నన్ను డ్రగ్ ఇన్‌స్పెక్టరుగా ఒంగోలుకు బదిలీ చేశారు. మందుల షాపుల లైసెన్సులు, కొనుగోలు బిల్లులు తనిఖీ చేయడం, అనుమానం వచ్చిన మందుల శాంపిళ్లు పరీక్షకు పంపడం మా పని. ఫిబ్రవరి నెలాఖరులో మా పై అధికారి అసిస్టెంట్ డైరెక్టరు గారు ఒక ఫిర్యాదు నా చేతికిచ్చి వారంలోగా రిపోర్టు పంపమన్నారు. ఇంకొల్లు దాటాక ఒక పల్లెలో ఖాదర్ గారనే డాక్టరు లైసెన్సు లేకుండా మందులు అమ్ముతున్నారని ఆ ఊరి మందుల షాపు యజమాని రాసిన ఫిర్యాదు అది.

డాక్టరు మందులివ్వడం నేరం కాదు. చట్టంలో షెడ్యూల్ కె అనే మినహాయింపుల పట్టిక ఉంది. దాని ప్రకారం రిజిస్టరైన డాక్టరు తన సొంత రోగులకు లైసెన్సు లేకుండానే మందులివ్వవచ్చు. షాపు తెరవకూడదు, అడిగినవాళ్లకల్లా అమ్మకూడదు. అందుచేత నేను తేల్చవలసింది ఒక్కటే: మందు తీసుకుపోతున్నవాళ్లు ఆయన రోగులా, కాదా? కాదని తేలితే మందులు జప్తు చేసి, కేసుకు అనుమతి కోరుతూ రాయాలి. చుట్టుపక్కల నాలుగు పల్లెలకు ఆయనొక్కరే డాక్టరు.

చెప్పకుండా పొద్దుటి బస్సుకు వెళ్లాను. దారి పొడవునా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. బస్సులో సగంమంది దగ్గుతూనే ఉన్నారు.

అరవై దాటిన ఖాదర్ గారు తన బల్ల వెనకే మిక్చర్లు కలుపుకుంటున్నారు. నా కార్డు చూసి, “షాపాయన రాస్తాడని తెలుసులెండి. రోజూ పలకరిస్తాడు పాపం!” అని నవ్వి, బిల్లుల ఫైలు ముందుపెట్టి తన పనిలో పడ్డారు. బిల్లులు సరిగ్గానే ఉన్నాయి.

ఇంతలో సుగుణమ్మ అనే కూలీ ఒక గంపతో వచ్చింది. అందులో ఐదు సీసాలు, ఒక్కో మెడకు ఒక్కో రంగు గుడ్డపీలిక. కోతల రోజుల్లో వైద్యానికొస్తే ఆ పూట కూలి పోతుంది. అందుకని కూలీలుండే పేటలో వంతులవారీగా ఒకరు అందరి సీసాలూ తెచ్చి, ఎవరి బాధ ఏమిటో చెప్పి, మందులు పట్టుకుపోవడం అక్కడ అలవాటు.

“పచ్చ గుడ్డ మా మామదయ్యా, మోకాళ్లు. తెల్లది మరియమ్మది, కడుపులో మంట. కారం మానెయ్యవే అంటే ఇంటదా, కల్లంలోనే కాపరమాయె! ఎర్ర గుడ్డ మా తోడికోడలు రూతమ్మది. ఎప్పుడూ పోసే దగ్గు మందే పొయ్యండి.”

రూతమ్మను ఎప్పుడు చూశారని డాక్టరు గారిని అడిగాను. కేసు దొరికిందనే అనుకున్నాను.

ఆయన చేతిలో సీసా బల్లమీద పెట్టేశారు. “చూడలేదండీ. కోతల్లో అందరికీ ఉండే దగ్గేగా, మిరప ఘాటు అనుకున్నా.” సుగుణమ్మ వైపు తిరిగి, “ఎప్పట్నుంచమ్మా?” అని అడిగారు.

“పత్తి తీతల్లోనే మొదలైందయ్యా. అప్పుడు పత్తి నూగన్నాం, ఇప్పుడు మిరప ఘాటంటన్నాం. సాయంత్రమైతే ఒళ్లు కాలుద్ది. జాకెట్లన్నీ వదులైపోయినయ్యి.”

“ఈ సీసాలో పొయ్యను. మనిషిని చూడాలి.”

“మనిషి కల్లంలో ఉంది. పూట కూలి పోయిందని నన్ను తిడతదయ్యా!”

“నన్ను తిట్టమను,” అంటూ ఆయన స్కూటరు తీశారు. “మీరూ రండి ఇన్‌స్పెక్టరు గారూ, సగమే చూసి రిపోర్టేం రాస్తారు?” అన్నారు.

కల్లంలో తొడిమలు తీస్తున్న ఆడవాళ్ల మధ్య నుంచి రూతమ్మను పక్కకు పిలిచి, ఆయన చాలాసేపు వీపుమీద స్టెతస్కోపు ఆనించి విన్నారు. కళ్లెలో నెత్తురు పడిందా అని అడిగితే ఆమె తల దించుకుంది. రెండుసార్లు పడిందనీ, తెలిస్తే పనికి పిలవరని ఎవరికీ చెప్పలేదనీ అంది. ఆయన అక్కడే నిలబడి ఒంగోలు పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చారు. కళ్లె పరీక్షలో క్షయ అని తేలింది. ముదరకముందే దొరికిందని అక్కడి డాక్టర్లు చెప్పారు.

నలుగురిని ఆ నెలలో చూసినట్టు ఆయన పుస్తకంలో ఉందనీ, ఐదో మనిషి విషయంలో నిబంధన తప్పారనీ ఉన్నదున్నట్టు రాశాను. ఇకపై, అంతకుముందు పదిహేను రోజుల్లో తాను చూడనివారికి సీసా నింపనని, వారానికొక సాయంత్రం పేటకు తానే వెళతానని ఆయన రాసిచ్చిన కాగితం జతచేసి, కేసు బదులు హెచ్చరిక చాలన్నాను. అసిస్టెంట్ డైరెక్టరు గారు ఒప్పుకున్నారు. షాపు యజమానికి చెబితే, “అయితే ఇవ్వొచ్చన్నమాట!” అన్నాడు విసురుగా. చూసినవాళ్లకి ఇవ్వొచ్చని చెప్పాను.

మరుసటి కోతల్లో మళ్లీ తనిఖీకి వెళితే రూతమ్మే గుర్తుపట్టింది. “నా పూట కూలి పోగొట్టిన సారు మీరేగా?” అంది. ఇంకా బిళ్లలు మింగుతోంది. మనిషి ఒళ్లు చేసింది. పేటలో మరో ఇద్దరికి డాక్టరు గారు తొలి దశలోనే జబ్బు పట్టుకున్నారని కూడా చెప్పింది.

సొంత రోగి అనే షరతును అంతవరకూ డాక్టర్లకూ షాపులవాళ్లకూ మధ్య గీసిన హద్దుగానే చదివాను. అది పెట్టింది రోగి కోసమని ఆ రోజు కల్లంలో తెలిసింది. రిటైరయ్యేదాకా ఏ డాక్టరు గది తనిఖీ చేసినా, బిల్లులకన్నా ముందు రోగిని చివరిసారి చూసిన తేదీ అడిగాను.