మాపటి కూర రాసిన పలకలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకు ‘ఎందుకమ్మ’ అని పేరు పెట్టారు. దేన్ని చూసినా ఎందుకని అడగడమే నా పని. ఎద్దు నెమరెందుకు వేస్తుంది, పిల్లి మీసం ఎందుకు తెల్లగా ఉంటుంది, మా నాన్నకు అన్న, పెద్దబాపు, అన్నం ముందు కూర్చున్నప్పుడే తలపాగా ఎందుకు తీస్తాడు. చెప్పీ చెప్పీ మా అమ్మ విసిగిపోయి, పోయి మీ అత్తను అడుగు అనేది. మా మేనత్త ఇల్లు అదే ఊళ్ళో, మాకు రెండిళ్ళ అవతల. ఏడో తరగతి దాకా చదివింది. నా ప్రశ్నలకు ఆమె ఎప్పుడూ జవాబు చెప్పేది కాదు. నువ్వే చూసి రా అని పంపేది. నేను చూసి వచ్చి చెప్పింది మాత్రం చేస్తున్న పని ఆపి మరీ వినేది. అందుకే ఆమె అంటే నాకు ప్రాణం.

మాది నెల్లికుదురు దగ్గర ఊరు. నేను నాలుగో తరగతి చదివేటప్పుడు చాప మీద నా పక్కన ఒక పిల్ల కూర్చునేది. వాళ్ళ అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్ళు, ఎక్కువగా మా పొలాల్లోకే. మధ్యాహ్నం గంట కొట్టగానే అందరం ఇళ్ళకు పరుగెత్తేవాళ్ళం. ఆ పిల్ల మాత్రం బోరింగు దగ్గరికి పోయి, కడుపు నిండా నీళ్ళు తాగి, బడి అరుగు మీద కూర్చునేది. నేను తిని వచ్చేసరికి అక్కడే ఉండేది. ఇంటికెందుకు పోలేదంటే తిన్నాననేది. ఎప్పుడు తిన్నావంటే ముఖం తిప్పుకునేది. ఈ ముడి నాకు విడలేదు. పోయి అత్తతో చెప్పాను. ఆమె ఈసారి చూసి రమ్మనలేదు. చెరుగుతున్న బియ్యం చేటను పక్కన పెట్టేసింది.

మా వైపు మనిషికి మనిషి ఎదురైతే మొదట అడిగేది తిన్నావా అనే. దానికి జవాబు తిన్నాననే. లేదు అన్న మనిషిని నేను చూడలేదు. లేదంటే ఎదుటివాళ్ళు పెట్టాలి, అప్పుడది అడుక్కున్నట్టు అవుతుంది. అందుకని రెండు పూటలుగా పొయ్యి ముట్టించని వాళ్ళు కూడా నవ్వుతూ అయిందనేవారు. పెద్దలను చూసి పిల్లలకూ అదే అలవాటు.

ఆ రోజుల్లో కొన్ని ఊళ్ళ బడుల్లో సర్కారు వాళ్ళు పిల్లలకు గోధుమరవ్వ ఉప్మా పెట్టించేవారు. మా బడికి అది లేదు. ఆ వానాకాలం, మా ఊరికి అవసరమా కాదా చూసి రాసుకుపోవడానికి ఒక ఆఫీసరు వస్తున్నాడని కబురు వచ్చింది. నాట్లు అయిపోయి కలుపులు ఇంకా మొదలుకాని రోజులవి. కూలి లేదు, ఇళ్ళల్లో పాత గింజలు అయిపోయాయి. ఆఫీసరు రావలసిన సమయానికే వస్తున్నాడు. కానీ మా పెద్దబాపు ఆలోచన వేరేగా సాగింది. ఆయన ఊరికి పెద్దమనిషి. సర్కారు మనిషి ముందు మా ఊరి పిల్లలు ఎండిన మొహాలతో నిలబడితే ఊరి ఇజ్జత్ పోతుందని ఆయన భయం.

ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. ఆఫీసరు వచ్చే రోజు పొద్దున మా వాకిట్లో రెండు పెద్ద గంజుల్లో అన్నం, పప్పు వండించి, బడి పిల్లలందరినీ పిలిచి దగ్గరుండి పెట్టించాడు. తలలకు నూనె రాయించాడు. ఆఫీసరు వచ్చి వరుసగా తిన్నారా అని అడిగాడు. తిన్నం సార్ అని బడి ఎగిరిపోయేట్టు అరిచాం. ఆ ఒక్కరోజు అది నిజమే. ఆయన సంతోషించి, ఈ ఊళ్ళో పిల్లలకు తిండికి కొరత లేదని రాసుకున్నాడు. పెద్దబాపు ఆ కాగితం కింద సంతకం చేశాడు.

సాయంత్రం అత్త మా ఇంటికి వచ్చింది. అన్న ముందు ఎన్నడూ గొంతు లేపని మనిషి, ఆ రోజు గడపలోనే నిలబడి ఎందుకిట్లా చేశావని అడిగింది. నేను స్తంభం వెనక నుంచి చూస్తున్నాను. అందరినీ అడిగే నా ప్రశ్న ఆమె నోట వినడం నాకు వింతగా ఉంది. పెద్దబాపుకు కోపం వచ్చింది.

“మన గడపకొచ్చినోడు ఎన్నడన్న ఆకలితోని పోయిండా?”

“పోలేదన్నా. గని నువ్వు పెడితె వాళ్ళు నీకు మొక్కాలె. బడిల సర్కారు పెడితె ఎవలకు మొక్కే పని లేదు. పోరగాండ్లు తలకాయ లేపి తింటరు.”

ఆయన లేచి లోపలికి పోయాడు. ఆ రెండు తిండ్లకు తేడా ఏమిటో నాకప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. పొద్దున మా వాకిట్లో ఆ పిల్ల విస్తరి ముందు తల వంచుకునే తిన్నదని మాత్రం గుర్తొచ్చింది. రోజూ నాతో పోట్లాడే పిల్ల, నన్ను చూసి కూడా చూడనట్టు తిన్నది.

మర్నాడు అత్త బడికి పోయి సారుతో ఏదో మాట్లాడింది. సారు కాసేపు నసిగి చివరికి ఒప్పుకున్నాడు. రెండు రోజులు ఆగి, మాకు రాత పని అని చెప్పి, నిన్న మాపటికి ఇంట్లో ఏం తిన్నారో పలక మీద రాయమన్నాడు. తిన్నారా అని అడగలేదు. ఏం తిన్నారో రాయమన్నాడు. రాత పని కాబట్టి మేమంతా నాలుక బయటపెట్టి బుద్ధిగా రాశాం. నేను పప్పు, దొండకాయ కూర, పెరుగు అని రాసి పక్క పలక వైపు చూశాను. ఆ పిల్ల రాసింది ఒకటే వాక్యం. ‘అవ్వ జల్ది పండుకోమన్నది.’ మా వైపు చాలా ఇళ్ళల్లో అమ్మను అవ్వ అంటారు. నేను చదివానని తెలిసి ఆ పిల్ల పలకను ఒళ్ళోకి లాక్కుంది.

సారు పలకలన్నీ తీసుకుని అత్తకు ఇచ్చాడు. అవి మోయడానికి నన్నూ పిలిచారు. బయటికి వస్తుంటే ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. “నా పలక ఎవలకు చూపియ్యకు” అంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు ఏం చేయాలో తోచలేదు. దారిలో ఆ ఒక్క పలకను పావడాతో తుడిచేద్దామని రెండుసార్లు అనుకున్నాను. చివరికి అత్తకు చెప్పేశాను. ఆమె పలకలన్నీ కింద పెట్టి, పేకముక్కల్లా కలిపేసింది. పేర్లు లేని పలకలు, ఎవరిది ఏదో ఇక దేవుడికే తెలియాలి అని నవ్వింది. నాది కూడా వాటిలోనే కలిసిపోయింది.

మా అరుగు మీద ఆమె ఆ పలకలన్నీ పరిచి, పెద్దబాపును పిలిచి, పిల్లల దస్తూరి ఎట్లా ఉందో చూడమంది. ఆయనకు చదువంటే మురిపెం. కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా చదవసాగాడు. అన్నం, చింతపండు చారు. మక్క గట్క, కారం. గంజి. గంజి. గట్క, ఉప్పు. చదివేకొద్దీ గొంతు తగ్గింది. ఆ ఒక్క వాక్యం దగ్గరికి వచ్చి పైకి చదవలేదు. పెదవులు కదిలాయి, అంతే.

“గిది ఎవల పలక?” అన్నాడు.

“పేరెందుకన్నా. మన ఊరిదే.”

ఆయన నా వైపు తిరిగి, నీకు తెలుసా అన్నాడు. తెలియదన్నాను. పెద్దబాపుతో నేను ఆడిన మొదటి అబద్ధం అది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఆ పూట అన్నానికి లేవలేదు.

మర్నాడు పొద్దున ముసురు పట్టింది. పలకలను యూరియా సంచిలో పెట్టి, దాన్ని గొంగట్లో చుట్టి, అత్తా నేనూ ఆ ఆఫీసరు ఉండే మానుకోటకు బస్సు కోసం నిలబడ్డాం. గొడుగు వేసుకుని పెద్దబాపు కూడా వచ్చాడు. ఎవరూ పిలవలేదు, ఆయనా ఏమీ చెప్పలేదు. బస్సులో సంచిని తన ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

ఆఫీసులో ఆయన తన చేతులతో పలకలను బల్ల మీద పేర్చి, ఆ కాగితం మీద సంతకం చేసి తప్పు చేశానని చెప్పాడు. ఊళ్ళో ఆయన తప్పు ఒప్పుకోవడం ఎవరూ చూసి ఉండరు. ఆఫీసరు పలకలన్నీ చదివాడు. ఆయన మనసూ కదిలింది. కానీ ఈ ఏటి జాబితా పైకి వెళ్ళిపోయింది, మంజూరైన డబ్బు అందులోని ఊళ్ళకే సరిపోతుందని చెప్పి, వచ్చే ఏడు మీ ఊరిని తప్పకుండా చేరుస్తానని మాట ఇచ్చాడు. మేం దండం పెట్టి లేచాం. గెలిచినట్టే అనుకున్నాం. బస్టాండులో పెద్దబాపు మాకు మిర్చి బజ్జీలు కొనిపెట్టాడు. నేను రెండు మిగిల్చి ఆ పిల్లకు తీసుకుపోయాను.

ఆఫీసరు మాట తప్పలేదు. మరుసటి వానాకాలానికి మా బడికి రవ్వ మూటలు వచ్చాయి. పొయ్యి పెట్టారు, వంటకు ఒకావిడ వచ్చింది. మొదటి రోజు ఉప్మా వాసనకు మాకు పాఠం ఎక్కలేదు. కానీ నా పక్కన చాప మీద ఆ పిల్ల లేదు. చలికాలం చివర్లో వాళ్ళ ఇల్లంతా ఖమ్మం వైపు మిరప తోటలకు కూలికి పోయింది. పెద్దవాళ్ళతో పాటు ఆ పిల్లా కాయలు ఏరింది. ఎండాకాలంలో తిరిగి వచ్చారు గానీ, కూలి రుచి మరిగిన ఇల్లు ఆ పిల్లను బడికి పంపలేదు. ఆ మొదటి రోజు మధ్యాహ్నం ఆ పిల్ల ఆవుల వెంట బడి ముందు నుంచే పోయింది. నేను పిలిచాను. తిన్నానని చెప్పి నవ్వింది. వంట చూడటానికి వచ్చి బడి అరుగు మీద నిలబడ్డ అత్త కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“ఆ దినం ఆఫీసుల మనం గంత జల్ది లేసేది లేకుండె బిడ్డా” అంది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. మా ఊరి సంఘం ఆడవాళ్ళతో కలిసి, ఎండాకాలం సెలవుల్లో కూడా పిల్లలకు బడిలో భోజనం పెట్టాలని, దానికి సర్కారు బడ్జెట్‌లో డబ్బు పెట్టాలని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను. సెలవుల్లో పిల్లలు ఏం తింటున్నారో వాళ్ళ చేతనే రాయించి తీసుకుపోతాం. పేర్లు రాయనివ్వం. ఆఫీసర్లు మర్యాదస్తులే. కూర్చోబెడతారు, చాయ్ ఇస్తారు, కాగితాలు చదివి బాధపడతారు. తర్వాత వచ్చే ఏడు చూద్దాం అమ్మా అంటారు. నాతో వచ్చినవాళ్ళు దండం పెట్టి లేస్తారు. నేను లేవను. ఈ ఏడు ఏం చేయగలరో చెప్పమని అక్కడే కూర్చుంటాను. మొండిదాన్నని నాకు పేరొచ్చింది, రానీ. నేను లేచిపోతే ఎక్కడో ఒక చాప మీద ఒక పిల్ల చోటు ఖాళీ అవుతుందని నాకు ఇప్పటికీ భయం.