జిల్లా దాటని పట్టా

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నా తోడికోడలు నవ్వను కూడా లేదు. దూరపు ఊళ్ళో ఉద్యోగం వచ్చిందని చెప్పి, నా రెండు చేతులూ పట్టుకుని, "అంతా నీ మాట చలవే అక్కా" అంది. ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది.

మేమిద్దరం ఒకే ఇంటి కోడళ్ళం. పెళ్ళిళ్ళయ్యాక ఒకే సాయంకాలం కాలేజీలో లా చదివాం. ఒకే బెంచీ, ఒకే టిఫిన్ బాక్సు. క్లాసులో ఫస్టు నేను. చిన్నది ఒక పేపరు రెండుసార్లు రాసి గట్టెక్కింది, అదీ నా నోట్సు చదివి. గొప్పకి చెప్పడం లేదు, మార్కుల కాగితాలు బీరువాలో ఉన్నాయి.

మా ఊరి కోర్టులో ఆ కాలేజీ అంటే గౌరవమే. సగంమంది ప్లీడర్లు అక్కడ చదివినవాళ్ళే కాబట్టి ఎవరూ ఎవర్నీ అడగరు. నేను కోర్టు గోడ పక్కన నోటరీగారి గదిలో అఫిడవిట్లు, అద్దె ఒప్పందాలు రాస్తాను. ఎనిమిదేళ్ళుగా అదే కుర్చీ, అదే స్టాంపు, కిటికీలోంచి అదే సైకిల్ స్టాండు. చిన్నదీ పక్కగదిలో అదే పని చేసేది.

రెండు రోజుల రైలు దూరంలో ఉన్న ఓ రేవు పట్నంలో, ఓడల మీద సరుకు పంపే కంపెనీకి ఒప్పందాలు చూసే లాయరు కావాలని ప్రకటన పడింది. మన కాలేజీ పేరు అక్కడెవడు విన్నాడే, అప్లికేషను తెరవకుండానే చెత్తబుట్టలో పడేస్తారన్నాను. చిన్నది వినలేదు, పెట్టింది. తెలిసినవారి వివరాలు రాయమన్న చోట నా నంబరు రాసింది.

వారానికి ఫోనొచ్చింది. అవతల కంపెనీ మేనేజరు, నెమ్మదస్తుడిలా ఉన్నాడు. ఆవిడ ఎలాంటి మనిషండీ అనడిగాడు.

"మంచి పిల్లండీ, బుద్ధిమంతురాలు" అన్నాను. అది నిజమే.

"ఈ కాలేజీ పేరు మేమెప్పుడూ వినలేదు. ఎలాంటిదండీ?"

అక్కడ నోరు మూసుకోవలసింది. కడుపులో మంట నోటిదాకా వచ్చేసింది. "సాయంకాలం కాలేజీ అండీ. హాజరు వేయించుకుంటే పట్టా చేతిలో పెడతారు. ఆ డిగ్రీ మా జిల్లా దాటితే చెల్లదు" అన్నాను. ఆయన థాంక్స్ చెప్పి పెట్టేశాడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

అయినా వాళ్ళు దాన్ని పిలిపించి, ఓ చిక్కు ఒప్పందం చేతికిచ్చి తప్పులు పట్టమన్నారట. ఎనిమిదేళ్ళు మేం చేసిందే అది. పదకొండు పట్టింది, ఉద్యోగం ఇచ్చేశారు. ఇంట గెలిచింది నేను, రచ్చ గెలిచింది అది. పక్కవీధికి వెళ్ళడానికే పదిసార్లు ఆలోచించే మా మరిది చకచకా పెట్టెలు సర్దేశాడు. అత్తగారు వచ్చేవాళ్ళతోనూ పోయేవాళ్ళతోనూ "మా చిన్నకోడలు" అని మొదలెట్టేది. పెద్దకోడలు కాఫీ గ్లాసులు తీసేది.

ఆ ఏడాదంతా నేను కుళ్ళిపోయాను, దాచేదేముంది. ఫోటోలు పంపేది. దాని టేబులు, దాని పేరు బోర్డు, దాని కిటికీలోంచి సముద్రం. పదకొండు తప్పులట. నేనైతే పదిహేను పట్టేదాన్ని.

మొన్న ఆదివారం ఫోన్ చేసింది. "అక్కా, ఇక్కడ ఇంకో పోస్టు పడింది. నీ పేరే చెప్పాను. నాకు చదువు చెప్పిందే నువ్వని, నాకంటే ఎంతో తెలివైనదానివని చెప్పాను."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ సైకిల్ స్టాండు ఇక చూడనక్కర్లేదు అనుకున్నాను. ఏమన్నారే అనడిగాను.

"మా మేనేజరు ఒప్పుకోవడం లేదక్కా. నాకైతే ఏదో పరీక్ష పెట్టాడు గానీ, ప్రతివాళ్ళకీ పెట్టలేడట. మన డిగ్రీ జిల్లా దాటితే చెల్లదని మన ఊరివాళ్ళే ఎవరో చెప్పారట. పేరడిగితే నా మొహంకేసి అదోలా చూసి ఊరుకున్నాడు. ఎవరై ఉంటారక్కా?"

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"ఎవరో కుళ్ళుబోతుది అయ్యుంటుందిలే" అన్నాను.

"దాని నోరు పడిపోను" అంది చిన్నది, నా తరఫున కోపంగా.

"పోనీలేవే, తిట్టకు" అన్నాను.