కెమెరాకు పెట్టిన బొట్టు

సత్తెనపల్లి రోడ్డులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీకి నేను మేనేజరుగా ఉన్నప్పటి సంగతి. కెమెరాలు పెట్టించిన ఏడాది నా కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆవరణలో ఎవడు బీడీ వెలిగించినా కుర్చీలోంచే కనిపెట్టేస్తానని పొగరు. వెనక గేటు దగ్గర ఇరవై ఏళ్ళుగా కాపలా ఉంటున్న పెద్దాయన్ని మేమంతా సాయిబు గారనేవాళ్ళం. "ఇంక మీకు పనేముందండీ, హాయిగా కునుకు తియ్యండి" అని ఆయన్ని ఆటపట్టించేవాణ్ణి. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

దసరా వెళ్ళిన వారానికి ఒక రైతు తన సరుకు తీసుకుపోవడానికి వచ్చాడు. నాలుగు బస్తాలు తగ్గాయి. వెనక గేటు కెమెరాలో పాతవన్నీ తిప్పి చూశాను. వారం రోజులుగా తెరంతా ఎర్రటి మసక, ఇంకేమీ లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. సాయిబు గారిని ఆఫీసు ముందుకి పిలిపించి, హమాలీలందరూ చూస్తుండగా నోటికొచ్చినట్టు అరిచాను.

"కెమెరాకి ఏం పూశారు? సరుకు ఎవరికి తోలారు?"

ఆయన తలెత్తకుండానే చెప్పాడు. "అది ఆయుధపూజ నాడు మీరు పెట్టిన బొట్టేనండి. కాటాకి, మోటార్లకి పెట్టి, నిచ్చెనెక్కి దానికీ పెట్టారు. మీ పూజ బొట్టు నేను తుడిస్తే బాగోదని ఊరుకున్నాను."

నిజమే, అద్దం మీద తడి కుంకుమ అద్దింది నేనే. వారం రోజులు ఆ తెర ముందే కూర్చుని కూడా గమనించని ఘనుణ్ణీ నేనే.

సాయంత్రానికి ఆ నాలుగు బస్తాలూ పక్క గదిలో, ఇంకొకరి సరుకులో కలిసిపోయి కనిపించాయి. అప్పటికే సాయిబు గారు తాళాలు నా బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మా యజమాని వచ్చారు. "పెద్దాయన మీద చెయ్యి చేసుకున్నావంట?"

"ఒట్టండీ, అరిచానంతే" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఆయన ఆఫీసు ముందరి కెమెరాలో నిన్నటిది తిప్పించి చూపించారు. మాటలు వినపడవు, బొమ్మే. బట్టతల మనిషొకడు ముసలాయన చొక్కా పట్టుకుని రెండుసార్లు గోడకేసి నెడుతున్నాడు. ముసలాయన రెండు చేతులూ జోడించి ఉన్నాడు. నెడుతున్నది ఎవరో పోల్చుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఆ మనిషిని చూస్తే నాకే భయమేసింది.

"రాత్రి నేను వాళ్ళింటికెళ్ళి అడిగాను" అన్నారు యజమాని. "తన ఒంటిమీద నువ్వు చెయ్యి వెయ్యలేదన్నాడు. పిల్లలు గలవాడు, ఉద్యోగం తియ్యొద్దన్నాడు."

ఆ మధ్యాహ్నమే సాయిబు గారి ఇంటికి వెళ్ళాను. క్షమించమని అడగబోతే ఏడుపొచ్చింది. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు, లోపలికెళ్ళి టీ తెచ్చి నా చేతికిచ్చాడు.

"తాగండి, చల్లారిపోద్ది" అన్నాడు. "పనిలోకి మాత్రం పిలవబాకండి."