ప్లగ్గుకు జ్వరం చూసిన మేస్త్రీ

నరసన్నపేటలో నా టిఫిన్ హోటల్‌కు వైరింగ్ చేసిన మేస్త్రీ, ఎన్ని పాయింట్లు కావాలని ఒక్కసారి కూడా అడగలేదు. ప్రతి గోడ దగ్గరా నిలబడి, "ఇక్కడేటి పెడతారు బాబూ?" అనేవాడు. ఫ్రిజ్జంటే పదహారు ఆంపుల సాకెట్టు, దానికి తగ్గ లావు వైరు. ఫోను ఛార్జరంటే ఆరు ఆంపులది.

హోటల్ తెరిచిన నెలకే నేను తెలివి చూపించాను. గ్రైండరును కిటికీ పక్కకు జరిపాను. అక్కడున్నది చిన్న సాకెట్టు, గ్రైండరు ప్లగ్గు అందులో పట్టలేదు. దాన్ని కోసేసి చిన్న ప్లగ్గు బిగించాను. కరెంటు పని కూడా వచ్చేసిందని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను.

ఓ ఉదయం ఇడ్లీ తింటున్న మేస్త్రీ, ఏదో వాసన తగిలినట్టు, ప్లేటు పక్కన పెట్టి వంటగదిలోకి వచ్చాడు. పసిపిల్లల నుదురు చూసినట్టు వేళ్ల వెనక వైపుతో ప్లగ్గును తాకాడు. తిడతాడనుకున్నాను. నా చేయి పట్టుకుని అక్కడే ఆనించాడు. చురుక్కుమంది.

"జొరం సూసినారా? దానికి నోరు నేదు బాబూ, సెప్పుకోనేదు."

ఆ పూటే లావు వైరు లాగి పెద్ద సాకెట్టు పెట్టాడు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ముందు ఆ ప్లగ్గును తాకి, తర్వాతే నన్ను పలకరించేవాడు.

పోయిన వానాకాలం అతనికి జ్వరమని తెలిసి ఇంటికి వెళ్లాను. వేళ్ల వెనక వైపుతో నుదురు తాకాను. కళ్లు తెరవకుండానే అడిగాడు.

"గ్రైండరు ప్లగ్గు సల్లగున్నాదా బాబూ?"

"సల్లగానే ఉన్నాది మేస్త్రీ" అన్నాను. నా వేళ్లు కాలుతున్నాయి.